చేతులు కట్టుకుని నిలబడే పని

“చేతులు కట్టుకుని నిలబడితే పనులైపోతాయా అమ్మాయ్?” అంది మా అత్తగారు, వంటింటి గుమ్మంలో నిలబడి.

పొయ్యి మీద పాలు పెట్టి పొంగు కోసం చూస్తున్నాను. అంతకుముందే కూరలు తరిగాను, పిల్ల డబ్బా సర్దాను, ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను, అత్తయ్య మాత్రలు చిన్న గిన్నెలో వేసి పక్కన నీళ్ళు పెట్టాను. అవేవీ ఆవిడ కంటపడలేదు. పాలు కాగే ఆ కాస్త వ్యవధిలో నడుం నిటారుగా పెట్టి చేతులు కట్టుకున్నానే, అది మాత్రం పడింది. ఇంటిపని చేస్తున్నంతసేపూ ఎవరికీ కనపడదు, ఆపినప్పుడే అందరికీ కనపడుతుంది. “లేదత్తయ్యా, పాలు చూస్తున్నాను” అని చేతులు విప్పేసి గరిట అందుకున్నాను. ఈలోగా లోపల్నుంచి “అమ్మా, నా సాక్సులేవి?” అని మా పిల్ల కేక. సాక్సులుండే అరకి ఆనుకుని వాళ్ళ నాన్న పేపరు చదువుకుంటున్నాడు. ఆయన కూడా తల ఎత్తి, “పిల్ల సాక్సులేవో చూడు” అన్నాడు నాతో.

నవ్వొచ్చే సంగతేమిటంటే, బయట నాకు జీతమిచ్చేదే చేతులు కట్టుకుని నిలబడినందుకు.

నేను ట్రామా సర్జన్ని. బస్సు గుద్దినవాళ్ళు, మేడ మీంచి జారినవాళ్ళు, కత్తిపోట్లు, ఉన్నట్టుండి పేగు చిల్లిపడ్డవాళ్ళు, ఇలా చెప్పి రాని ఆపదలన్నీ మా దగ్గరికే వస్తాయి. అలాంటి మనిషిని స్ట్రెచర్ మీద తోసుకురాగానే చుట్టూ మూగుతాం. ఒకరు తల దగ్గర ఊపిరి చూస్తారు, ఒకరు నరం వెతికి సూది పెడతారు, ఒకరు బట్టలు కత్తిరిస్తారు. వీళ్ళందరినీ నడిపించే మనిషి మాత్రం మంచానికి కాళ్ళవైపు, ఒక అడుగు వెనగ్గా, చేతులు కట్టుకుని నిలబడాలి. రోగిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ముట్టుకున్న చోటే కళ్ళు అతుక్కుపోతాయి, మిగతా ఒళ్ళు కనపడడం మానేస్తుంది. చూడాలి, చెప్పాలి, అంతే. చెప్పిన పనిని విన్నవాళ్ళు గట్టిగా తిరిగి అనాలి, చేశాక “అయింది” అని మళ్ళీ గట్టిగా చెప్పాలి. “అయింది” అనే మాట వినపడకపోతే ఆ పని కానట్టే లెక్క. నేను ఆ గదిలో “రక్తం తెప్పించండి” అంటే “రక్తం తెప్పిస్తున్నాను మేడమ్” అని ఒక గొంతు, కాసేపటికి “రక్తం వచ్చింది మేడమ్” అని అదే గొంతు వినిపిస్తాయి. ఇంట్లో నా మాటకి వచ్చే జవాబు “ఊఁ”. ఆ “ఊఁ” తర్వాత పని అవుతుందో లేదో తెలుసుకోవాలంటే నేనే వెళ్ళి చేసుకోవాలి.

నాకు ఈ విద్య నేర్పింది మా యూనిట్ పెద్ద, అందరం పెద్ద సార్ అంటాం. చేరిన కొత్తలో నేను మంచం దగ్గర ఒక్క క్షణం ఆగలేకపోయేదాన్ని. ఎవరైనా సూది పెట్టడానికి తడబడుతుంటే నేనే లాక్కుని పెట్టేసేదాన్ని, గాజుగుడ్డ జారితే నేనే నొక్కేసేదాన్ని. ఒకరోజు పెద్ద సార్ క్రేప్ బ్యాండేజీ తీసుకుని నా రెండు చేతులూ వెనక్కి కట్టేశాడు. “ఇప్పుడు నోటితో చెయ్యి” అన్నాడు. హెడ్ సిస్టర్ పకపకా నవ్వింది. ఆ కేసంతా నోటితోనే నడిపించాను. కట్లు విప్పుతూ ఆయన, “ఆడపిల్లలతో ఇదే వచ్చింది. పుట్టినప్పట్నుంచీ చేతులతో బతకడం నేర్పుతారు మీకు” అన్నాడు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలీలేదు గానీ నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ గదిలో నన్ను రాతిమనిషి అంటారని తెలుసు. ఇంట్లో చూస్తే నా చేతులకి ఆదివారం కూడా సెలవు లేదు.

ఆ పెద్ద సార్ ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. తర్వాత యూనిట్ నాదేనని క్యాంటీన్ వాళ్ళతో సహా అందరూ అనుకుంటున్నారు. ఇంట్లో చెప్పిన రోజు మా ఆయన నవ్వి, “ఇప్పుడు చేస్తున్న గొడ్డుచాకిరీకి కిరీటం పెడతారన్నమాట” అన్నాడు. “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు” అంది అత్తయ్య, ఎవరితోనో అన్నట్టు గోడకేసి చూస్తూ. యూనిట్ నాకెందుకు కావాలో కారణాలు చెప్పుకుంటూ పోయాను. కొత్తగా చేరే ఆడపిల్లల్ని ట్రామా గదిలోకి రానివ్వకుండా కట్లు మార్చే గదికి పంపేస్తున్నారు, అది మానిపించాలి, డ్యూటీలు సవ్యంగా వెయ్యాలి, ఇంకా ఏవేవో. అవన్నీ నిజాలే. అసలు నిజం మాత్రం, నాకు కావాలి, అంతే. ఆ “కావాలి” అనే మాట నా నోట్లోంచి వచ్చి ఎన్నాళ్ళయిందో, పిల్లకి బూట్లు కావాలి, ఇంట్లో ఉప్పు కావాలి అనడం తప్ప. ఆ రోజు కూడా రాలేదు. మా ఆయన అంతా విని “చూద్దాంలే” అని పళ్ళెంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

పాల దగ్గర అత్తయ్య ఆ మాట అన్న పొద్దున నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి ఎమర్జెన్సీ గది గంట మోగుతోంది. కిటికీ అద్దాలు తుడుస్తూ రెండో అంతస్తు నుంచి పడిపోయిందట, ఒకావిడ. నా వయసే ఉంటుంది. కుడికాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది, దుప్పటంతా రక్తం. నేను అలవాటుగా కాళ్ళవైపు వెళ్ళి నిలబడబోతుంటే పెద్ద సార్ గుమ్మంలోంచి, “ఆగమ్మా. ఇవాళ తమ్ముడు నడిపిస్తాడు, నువ్వు చెయ్యి సాయం పట్టు” అన్నాడు. తమ్ముడంటే నా తర్వాతి సర్జన్. చేరినప్పట్నుంచీ నన్ను అక్కా అని పిలుస్తాడు కాబట్టి యూనిట్ మొత్తానికీ తమ్ముడైపోయాడు. కత్తి పట్టడంలో మంచివాడే, నేర్పింది నేనే. నాకు ఎందుకో చివుక్కుమంది. అయినా అడిగే సమయం కాదు. గ్లౌజులు తొడుక్కుని కాలి గాయం మీద గాజుగుడ్డ నొక్కిపట్టాను.

ఆవిడకి స్పృహ ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని ఏదో అంటోంది. వంగి విన్నాను.

“పొయ్యి ఆపానో లేదో...”

“ఏమిటమ్మా?”

“పొయ్యి మీద పప్పు పెట్టి కిటికీ ఎక్కాను. ఆపానో లేదో గుర్తులేదు. మా ఆయనకి చెప్పండి.”

ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంది, ఒంట్లో రక్తం ఎటో పోతోంది, ఆవిడ గుండె పొయ్యి దగ్గర కొట్టుకుంటోంది. హెడ్ సిస్టర్‌తో, “బయట వాళ్ళాయనతో చెప్పండి, పక్కింటివాళ్ళకి ఫోన్ చేసి పొయ్యి ఆపించమనండి” అన్నాను. “పొయ్యి ఆపించమంటాను మేడమ్” అంది సిస్టర్, అదీ ఒక ఆర్డరే అన్నట్టు.

తల ఎత్తేసరికి తమ్ముడు కాళ్ళవైపు లేడు. నా పక్కన ఉన్నాడు, కాలి మీదకి వంగి, ఎముక సర్దుతున్నాడు. అలాంటి గాయం కంటపడితే ఎవరి చేతులైనా అటే పోతాయి. నడిపించేవాడు వంగేసరికి గదిలో అందరూ వంగారు. అందరి కళ్ళూ కాలి మీదే ఉన్నాయి. ఆవిడ నాడి పరుగెత్తుతోంది, బీపీ మెట్లు దిగుతోంది, పొట్ట కొద్దికొద్దిగా బిగుస్తోంది. ఇవేవీ ఎవరూ గట్టిగా చదవడం లేదు. “తమ్ముడూ, పొట్ట” అన్నాను. “ఒక్క నిమిషం అక్కా, ఇది అయిపోవచ్చింది” అన్నాడు తల ఎత్తకుండా. ఇంకోసారి అన్నాను. ఆ ఒక్క నిమిషం ఆవిడ దగ్గర లేదు.

పక్కనున్న హౌస్ సర్జన్ అమ్మాయి చేతిలో గాజుగుడ్డ పెట్టి “నొక్కిపట్టు” అన్నాను. మంచం చుట్టూ తిరిగి వెళ్ళి కాళ్ళవైపు, ఒక అడుగు వెనగ్గా నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను.

“కాలికి బిగించి కట్టు కట్టి వదిలెయ్ తమ్ముడూ. పొట్ట స్కాన్ చెయ్యి. రక్తం ఎవరు తెస్తున్నారు? థియేటర్‌కి ఎవరు చెప్తున్నారు?”

గదిలో తలలన్నీ పైకి లేచాయి. ఒక్కొక్క గొంతే తిరిగి పలికింది. “కట్టు అయింది.” “రక్తం వచ్చింది.” “పొట్టనిండా రక్తమే అక్కా” అన్నాడు తమ్ముడు, మొహం మాడిపోయి. ప్లీహం, అదే స్ప్లీన్, పగిలింది. థియేటర్‌కి పరుగెత్తాం, తీసేశాను, బతికింది. పని సగంలో ఉండగా హెడ్ సిస్టర్ తలుపు దగ్గర నిలబడి, “మేడమ్, పొయ్యి ఆపేశారట” అని చెప్పి వెళ్ళింది. పప్పు మాడిపోయిందట. నేను మాస్కు వెనక నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు.

బయటికి రాగానే ఆవిడ భర్త ఎదురొచ్చి, “డాక్టరుగారెప్పుడొస్తారు సిస్టర్?” అని నన్నడిగాడు. “నేనేనండీ. ఆపరేషన్ చేసింది నేనే” అన్నాను. ఆయన “ఆహా” అని, నా భుజం మీదుగా వెనకున్న తమ్ముడివైపు చూసి మిగతా ప్రశ్నలన్నీ అతన్నే అడిగాడు. జవాబులన్నీ నేనే చెప్పాను. “చుట్టాలొస్తున్నారని తుడిచిందండీ. నేనేం తుడవమని చెప్పలేదు. మొండిది, చెప్తే వినదు” అన్నాడు. మనిషి చెడ్డవాడిలా లేడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆఖరికి గొంతు తగ్గించి, “మళ్ళీ ఇంటిపని ఎప్పట్నుంచి చేసుకోగలుగుతుందంటారు?” అన్నాడు. ముందు ఊపిరి తీసుకోనివ్వండి అన్నాను.

మధ్యాహ్నం పెద్ద సార్ తన గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. “పొద్దున బాగా చేశావు. వాడికి ఇంకా కన్ను కుదరలేదు, కుదురుతుంది” అన్నాడు. నేను సంతోషపడబోతున్నాను. “యూనిట్ వాడికే ఇస్తున్నానమ్మా. రేపు పొద్దున మీటింగులో చెప్పేస్తాను. ముందు నీకు చెప్పడం మర్యాద కదా.”

“ఎందుకు సార్?” అన్నానేమో.

“మీ ఆయన ఫోన్ చేశాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో. ‘ఆవిడ మొహమాటస్తురాలు సార్, మీ మొహం చూసి వద్దనలేదు. ఇంట్లో పెద్దావిడ, పిల్ల, ఇప్పటికే నలిగిపోతోంది. మీరే అర్థం చేసుకోవాలి’ అన్నాడు. అదృష్టవంతురాలివమ్మా, అలా ఆలోచించే మొగుడు దొరకడం.”

పొద్దున అంతమంది మధ్య గొంతెత్తినదాన్ని, ఆ గదిలో నోట్లో నాలుక లేనిదాన్నైపోయాను. “సరే సార్” అన్నాను. టీ కూడా తాగేశాను. ఆ టీ గ్లాసు కడిగి పెట్టబోయాను కూడా, ఆయన “అబ్బే, ఉంచమ్మా” అనేదాకా. వరండాలోకొచ్చాక నా మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే గోడకి నుదురు కొట్టుకోవాలనిపించింది. నా చేతులు కట్టేసి నోటితో చెయ్యమని నేర్పినవాడే, నా నోటి సంగతి ఇంకొకరిని అడిగి తెలుసుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేదాకా మా ఆయన గురించే ఆలోచించాను. ఆయన చెయ్యి చేసుకునే రకం కాదు, గొంతు పెంచే రకం కూడా కాదు. నా తరఫున మాట్లాడే రకం. హోటల్‌కి వెళ్తే “ఆవిడ ఐస్‌క్రీం తినదు” అంటాడు. ఎవరైనా ఊరికి రమ్మంటే “తనకి కుదరదులే” అంటాడు. మా అమ్మ ఫోన్ చేస్తే “అలిసిపోయి పడుకుందండీ” అంటాడు, నేను ఆయన పక్కనే కూర్చుని బటానీలు వలుస్తుండగా. ఇన్నాళ్ళూ దాన్ని ప్రేమ అనుకున్నాను. కొంత ప్రేమే కావచ్చు, కాదనను. కానీ ఆ ప్రేమలో నన్ను ఒక్కసారైనా అడగడం అనేది లేదు.

ఆయన భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందున్నాడు. పిల్ల ఆ పక్కనే హోంవర్కు చేసుకుంటోంది. అత్తయ్య వంటింట్లో స్టూలు మీద కూర్చుని, “వచ్చావా, పాలు పెట్టు అమ్మాయ్, టీ వేళ దాటిపోయింది” అంది. చేతిసంచి భుజానుండగానే పాలు పొయ్యి మీద పెట్టి, బల్ల దగ్గరికొచ్చాను.

“పెద్ద సార్‌కి ఫోన్ చేశారా?”

“ఓ, చెప్పేశారా? చేశాను. నువ్వెలాగూ చెప్పలేవు కదా అని.”

“ఏం చెప్పలేను?”

“వద్దని.”

“నాకు వద్దని మీకెవరు చెప్పారు?”

ఆయన లాప్‌టాప్ మూశాడు. మొహంలో నిజంగానే ఆశ్చర్యం. “ఒకరు చెప్పాలా? ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ మాత్రం తెలుసుకోలేనా? మొన్న కూడా అలిసిపోయానన్నావు. నీ మంచికే చేశాను.”

అలిసిపోయానన్నది నిజమే. దేనివల్ల అలిశానో అడగలేదు. ఆయనకి పైకి కనపడిన గాయం నా ఉద్యోగం. దాని మీదకే వంగి శ్రద్ధగా కట్టు కడుతున్నాడు పాపం. లోపల రక్తం ఎక్కడ పోతోందో చూడాలంటే ఒక అడుగు వెనక్కి వేసి నిలబడాలి. అది ఆయనకి ఎవరూ నేర్పలేదు. నాకు నేర్పారు.

సంచి దింపి కుర్చీలో పెట్టాను. పెద్ద సార్ నంబరు కలిపి, ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాను. బల్ల చివరికి వెళ్ళి, ఒక అడుగు వెనగ్గా నిలబడి చేతులు కట్టుకున్నాను. లోపలున్నది బయటికి కనపడకుండా ఉండడం నా వృత్తి.

“చెప్పమ్మా” అన్నాడు పెద్ద సార్.

“సార్, మధ్యాహ్నం సరే అన్నాను. ఆ సరే వెనక్కి తీసుకుంటున్నాను. యూనిట్ నాకు కావాలి. నడపగలనని పొద్దున మీరే చూశారు.”

“మరి మీ ఆయన...”

“ఆయన మాట ఆయనే వెనక్కి తీసుకుంటారు సార్. ఇప్పుడే మీకు ఫోన్ చేస్తారు.”

“ఇంట్లో గొడవ తెచ్చుకోకమ్మా. సరే, రేపు పొద్దున్నదాకా టైముందిగా, ఆలోచిస్తాను” అని పెట్టేశాడు. ఆలోచించి ఏం చేస్తాడో నాకు తెలీదు. ఇవ్వకపోనూవచ్చు.

మా ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన గొంతు పెరిగింది.

“నేను ఫోన్ చేస్తానని నువ్వెలా చెప్తావు? నన్ను ఒక్క మాట అడక్కుండా, నా తరఫున నువ్వెలా మాట్లాడేస్తావు?”

ఆ మాట అన్నాక ఆయన చెవులకే వినపడినట్టుంది, మళ్ళీ కూర్చుండిపోయాడు. పిల్ల పెన్సిల్ పట్టుకుని ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది.

“పాలు! పాలు పొంగుతున్నాయి అమ్మాయ్!” అంది అత్తయ్య, పొయ్యి పక్క స్టూలు మీంచి.

ఆవిడా, ఆయనా, పిల్లా, ముగ్గురూ నా వైపే చూశారు. నా చేతులు వాటంతటవే విడిపోబోయాయి. మళ్ళీ బిగించుకున్నాను.

“అత్తయ్యా, పొయ్యి మీ పక్కనే ఉంది. ఆపండి. ఆపాక ఆపానని చెప్పండి.”

పాలు గిన్నె అంచు దాటి పొయ్యి మీద చుయ్‌మన్నాయి. మాడు వాసన వచ్చింది. నేను కదల్లేదు. స్టూలు జరిగిన చప్పుడు, తర్వాత మీట తిప్పిన చప్పుడు. చాలాసేపటికి, గొణిగినట్టుగా, “ఆపాను” అంది అత్తయ్య.

మా ఆయనవైపు తిరిగాను.

“ఇప్పుడు మీరు పెద్ద సార్‌కి ఫోన్ చెయ్యండి. నాకేం కావాలో నన్నడక్కుండా చెప్పానని చెప్పండి” అన్నాను. “చెప్పాక, అయిందని నాకు గట్టిగా చెప్పండి. వినపడకపోతే కానట్టే.”